ఓపెన్ సోర్స్ టెలిఫోనీలో హార్డువేరు కార్డులు, సిగ్నలింగ్

టెలిఫోనీ కార్డు అనగా సాధారణ కంప్యూటరును టెలిఫోను ఎక్స్ఛేంజి నుండి వచ్చే తీగకు కలిపే విస్తరణ కార్డు. ఆస్టరిస్క్, ఫ్రీస్విచ్, యేట్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరులు కంప్యూటరును ఒక ప్రైవేటు ఎక్స్ఛేంజిగా మార్చగలవు. అయితే ఆ ఎక్స్ఛేంజి బి.ఎస్.ఎన్.ఎల్. లేదా మరొక సంస్థ ఇచ్చిన లైనుతో మాట్లాడవలెనన్న రెండు విషయాలు కుదరాలి. మొదటిది, కార్డు ఆ కంప్యూటరులో పనిచేయాలి, దానికి డ్రైవరు ఉండాలి. రెండవది, లైనుకు అవతలి వైపున ఉన్న ఎక్స్ఛేంజి ఏ సంజ్ఞలను వాడుతున్నదో అవే సంజ్ఞలు ఇవతల కూడా అర్థం కావాలి. ఈ రెండవ దానినే సిగ్నలింగ్ అంటారు. కార్డు కొనేవారు మొదటి విషయాన్ని తప్పక చూసుకుంటారు. ఇబ్బందులు ఎక్కువగా రెండవ దానిలోనే వస్తాయి.

హైదరాబాదు నగరంలో ఈ విషయానికి కొంత ప్రత్యేకత ఉన్నది. అమీర్‌పేటలోని మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలు 1990ల చివరి నుండి కంప్యూటరు శిక్షణ సంస్థలకు ప్రసిద్ధి చెందినవి. లైనక్స్, నెట్‌వర్కింగ్ నేర్చుకొనుటకు రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుండి విద్యార్థులు ఇక్కడికి వచ్చి హాస్టళ్ళలో ఉండేవారు. ప్రక్కనే ఉన్న పంజగుట్ట, సోమాజిగూడ, బేగంపేటలలో చిన్నా పెద్దా కార్యాలయాలు, కాల్ సెంటర్లు వెలిశాయి. కంప్యూటరు విడిభాగాల అంగళ్ళు మాత్రం ఎక్కువగా సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఉండేవి. సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది, లైనక్స్ తెలిసిన మనిషి నాలుగు అడుగుల దూరంలో దొరుకుతాడు. కార్డు సరిగా కుదిరితే చిన్న సంస్థ కూడా ఖరీదైన ఈపీఏబీఎక్స్ యంత్రం లేకుండానే తన ఎక్స్ఛేంజిని నడుపుకోగలదు.

చరిత్ర

1990ల వరకు కంప్యూటరులో టెలిఫోను పనులు చేయుటకు డైలాజిక్ వంటి సంస్థల కార్డులు వాడేవారు. వాటిలో ధ్వనిని విశ్లేషించే ప్రత్యేక ప్రాసెసర్లు ఉండేవి. మీట నొక్కిన శబ్దాన్ని గుర్తించడం, ధ్వనిని కుదించడం, ప్రతిధ్వనిని తొలగించడం వంటివన్నీ కార్డులోనే జరిగేవి. అందువలన కార్డు ఖరీదు ఎక్కువగా ఉండేది, దాని డ్రైవర్ల మూలసంకేతం బయటివారికి అందుబాటులో ఉండేది కాదు.

అమెరికాకు చెందిన జిమ్ డిక్సన్ ఈ పద్ధతిని తలక్రిందులు చేశాడు. వ్యక్తిగత కంప్యూటరులోని ప్రాసెసరు వేగం బాగా పెరిగింది గనుక ఆ పనులన్నీ అదే చేయగలదని, కార్డు కేవలం తీగలోని నమూనాలను కంప్యూటరుకు అందిస్తే చాలునని అతడు భావించాడు. ఈ ఆలోచనతో జపాటా టెలిఫోనీ ప్రాజెక్టును మొదలుపెట్టాడు. మెక్సికో విప్లవ నాయకుడు ఎమిలియానో జపాటా పేరే దీనికి పెట్టబడినది. మొదటి కార్డు పేరు టోర్మెంటా, అనగా స్పానిష్ భాషలో తుఫాను. ఈ కార్డు రూపకల్పనను కూడా అతడు అందరికీ అందుబాటులో ఉంచాడు. డిక్సన్ 2016లో మరణించాడు.

ఆస్టరిస్క్‌ను 1999లో మార్క్ స్పెన్సర్ ప్రారంభించాడు. లైనక్స్ సహాయ సేవలు అందించే తన చిన్న సంస్థకు ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక తానే వ్రాసుకున్నాడు. జపాటా డ్రైవర్లు మొదట ఫ్రీబీఎస్డీ కొరకు వ్రాయబడినవి. స్పెన్సర్ వాటిని లైనక్స్ పద్ధతికి తగినట్లు తిరిగి వ్రాశాడు. అతని సంస్థ తరువాత డిజియం అనే పేరుతో కార్డులు కూడా తయారుచేసింది. డ్రైవర్ల సముదాయానికి జాప్టెల్ అని పేరు. అదే పేరు మీద ఫోను కార్డులు అమ్మే వేరొక సంస్థకు వాణిజ్య చిహ్నపు హక్కు ఉండుట వలన 2008లో దానిని డాడీ అని మార్చవలసి వచ్చింది. పాత పుస్తకాలలో జాప్ ఛానెల్ అని ఉన్నచోట తరువాతి సంచికలలో డాడీ ఛానెల్ అని చదువుకోవాలి. 2018లో డిజియంను కెనడాకు చెందిన సాంగోమా సంస్థ కొనుగోలు చేసినది.

కార్డుల రకాలు, వాటి అమరిక

కార్డులు స్థూలంగా రెండు రకాలు. ఇంటి ఫోను వంటి రెండు తీగల లైను కొరకు వాడేవి అనలాగ్ కార్డులు. ఒకే కేబులుపై అనేక సంభాషణలను మోసే ఈ1 లేదా టీ1 లైను కొరకు వాడేవి డిజిటల్ కార్డులు.

అనలాగ్ కార్డులలో అందరికీ మొదట పరిచయమైనది డిజియం ఎక్స్100పీ. నిజానికి ఇది ఒక రకం మోడెమ్ కార్డే. అదే చిప్ ఉన్న చౌక మోడెములు ఎన్నో నకలు ఎక్స్100పీలుగా అమ్ముడయ్యాయి. నేర్చుకొనుటకు ఇవి పనికివచ్చేవి గానీ కార్యాలయంలో నమ్మకంగా నడిపేందుకు కావు. తరువాత వచ్చిన టీడీఎం400పీ కార్డులో నాలుగు చిన్న మాడ్యూళ్ళను అమర్చుకోవచ్చు. ఎర్ర మాడ్యూలు ఎక్స్ఛేంజి లైనుకు, ఆకుపచ్చ మాడ్యూలు ఫోను పరికరానికి. ఆకుపచ్చ మాడ్యూలు వాడితే ఫోనుకు గంట మోగించే విద్యుత్తు కావాలి గనుక కంప్యూటరు పవర్ సప్లై నుండి వచ్చే 12 వోల్టుల తీగను కార్డుకు తగిలించాలి. అది మరచిపోతే కార్డు కనిపిస్తుంది గానీ ఫోను మోగదు. ఈ కార్డుకు పీసీఐ 2.2 ప్రమాణం గల మదర్‌బోర్డు కావాలి. పాత కంప్యూటరులో పెడితే కొన్నిసార్లు అసలు కనిపించదు. చైనాకు చెందిన ఓపెన్‌వాక్స్ సంస్థ ఇటువంటి కార్డులనే ఏ400పీ వంటి పేర్లతో విక్రయించింది.

డిజిటల్ కార్డులలో పీసీఐ గాడి వోల్టేజి ముఖ్యమైనది. డిజియం వారి నాలుగు పోర్టుల కార్డు రెండు రూపాలలో వచ్చింది. టీఈ405పీ 5 వోల్టుల గాడికి, టీఈ410పీ 3.3 వోల్టుల గాడికి. ఇంటి కంప్యూటర్లలో సాధారణంగా 5 వోల్టుల గాడి, సర్వర్లలో 3.3 వోల్టుల గాడి ఉండేవి. గాడిలోని గంటు స్థానం వేరు కనుక ఒకదాని కార్డు మరొకదానిలో దిగదు. కార్డు కొన్న తరువాత సర్వరు కొనడం గానీ, సర్వరు కొన్న తరువాత కార్డు కొనడం గానీ ఈ సంగతి చూడకుండా చేస్తే డబ్బు వృథా అవుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చిన తరువాత ఈ సమస్య తగ్గి, పాత కార్డులకు గాడే లేకపోవడమనే మరొక సమస్య వచ్చింది.

గాడిలో దిగిన తరువాత మరొక పరీక్ష ఉన్నది. టెలిఫోను ధ్వనిని క్షణానికి 8000 సార్లు నమూనా తీస్తారు. జాప్టెల్ కార్డులు 8 నమూనాలను ఒక కట్టగా చేసి కంప్యూటరుకు అందిస్తాయి. అనగా క్షణానికి 1000 సార్లు ప్రాసెసరు తన పనిని ఆపి కార్డు మాట వినవలెను. ఈ అంతరాయపు సంఖ్యను హార్డు డిస్కుతోనో, నెట్‌వర్కు కార్డుతోనో పంచుకోవలసి వస్తే కొన్ని కట్టలు తప్పిపోతాయి. ఫలితం సంభాషణలో టక్‌టక్ శబ్దాలు, మధ్యలో తెగిన ఫ్యాక్సులు. డ్రైవర్లతో పాటు వచ్చే జడ్‌టీటెస్ట్ అనే చిన్న పరీక్ష కాలాన్ని కొలిచి శాతంలో చూపుతుంది. 99.98 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మంచిది. 99 శాతం అంటే పరీక్షలలో మంచి మార్కులే గానీ ఇక్కడ మాత్రం తప్పినట్లే. గాడి మార్చడం, వాడని సౌండ్ కార్డును బయోస్‌లో ఆపివేయడం సాధారణంగా చేసే చికిత్సలు.

సాంగోమా కార్డులకు వాన్‌పైప్ అనే స్వంత డ్రైవరు కలదు. అది డాడీకి క్రింది పొరగా పనిచేస్తుంది గనుక ఆస్టరిస్క్‌కు తేడా తెలియదు.

అనలాగ్ లైనుపై సిగ్నలింగ్

ఎక్స్ఛేంజి వైపున ఉండి విద్యుత్తును, గంటను ఇచ్చే పోర్టు ఎఫ్ఎక్స్ఎస్. వాటిని తీసుకొనే ఫోను వంటి పోర్టు ఎఫ్ఎక్స్ఓ. విద్యార్థులను తికమక పెట్టేదేమనగా అమరిక ఫైలులో వీటిని తారుమారుగా వ్రాయాలి. ఎఫ్ఎక్స్ఓ పోర్టుకు ఎఫ్ఎక్స్ఎస్ సిగ్నలింగ్ అని, ఎఫ్ఎక్స్ఎస్ పోర్టుకు ఎఫ్ఎక్స్ఓ సిగ్నలింగ్ అని వ్రాస్తారు. పోర్టు పేరు తానెవరో చెబుతుంది, సిగ్నలింగ్ పేరు ఎదుటివారెవరో చెబుతుందని గుర్తుంచుకుంటే తప్పు జరగదు.

ఫోను ఎత్తితే తీగలో విద్యుత్తు ప్రవహించి ఎక్స్ఛేంజికి తెలియడాన్ని లూప్ స్టార్ట్ అంటారు. ఎత్తడం దీనిలో సులభంగా తెలుస్తుంది. పెట్టివేయడం తెలియదు. అవతలి మనిషి ఫోను పెట్టివేసినా, ఇవతలి యంత్రానికి ఆ సంగతి చెప్పే సంజ్ఞ లూప్ స్టార్ట్‌లో లేదు. మనిషి అయితే చెవితో బిజీ శబ్దం విని పెట్టివేస్తాడు. యంత్రం పెట్టదు. కూల్‌స్టార్ట్ అనే పద్ధతిలో ఎక్స్ఛేంజి ఒక్క క్షణం విద్యుత్తును ఆపి పెట్టివేసిన సంగతి తెలియజేస్తుంది. ఆస్టరిస్క్‌లో ఎక్కువగా వాడేది ఇదే. కానీ లైను వెనుక ఉన్న ఎక్స్ఛేంజి ఆ విరామం ఇస్తేనే ఉపయోగం. బి.ఎస్.ఎన్.ఎల్. ఎక్స్ఛేంజిలు సీ-డాట్, ఈ10బీ, ఓసీబీ-283, ఈడబ్ల్యూఎస్‌డీ, 5ఈఎస్ఎస్, ఏఎక్స్ఈ-10 ఇలా ఎన్నో రకాలుగా ఉండేవి. ఒక వీధిలో కుదిరిన అమరిక మరొక వీధిలో కుదరకపోవచ్చు.

విరామం రాని లైనులో మిగిలిన మార్గం చెవితో వినడమే. ఆస్టరిస్క్ బిజీ శబ్దాన్ని గుర్తించి లైనును వదలగలదు. ఇక్కడ దేశభేదం వస్తుంది. అమెరికాలో బిజీ శబ్దం 480, 620 హెర్ట్జ్‌ల కలయిక, అర క్షణం మ్రోగి అర క్షణం ఆగుతుంది. భారతదేశంలో అది 400 హెర్ట్జ్, 750 మిల్లీక్షణాలు మ్రోగి 750 మిల్లీక్షణాలు ఆగుతుంది. డయల్ టోన్ కూడా వేరు. ఇక్కడిది 25 హెర్ట్జ్‌తో ఊగే 400 హెర్ట్జ్ ధ్వని. అందుచేత దేశపు టోన్ జోనును భారతదేశమని, బిజీ కొలతను 750, 750 అని పేర్కొనాలి. ఇది చేయకపోతే జరిగే నష్టం చిన్నది కాదు. నాలుగు లైన్లున్న ఒక శిక్షణ సంస్థ ఎంక్వైరీ కౌంటరును ఊహించండి. ఉదయం నలుగురు ఫోను చేసి పెట్టివేస్తే నాలుగు లైన్లూ తెరచుకొనే ఉండిపోతాయి. మధ్యాహ్నం వరకు వచ్చిన ప్రతి విద్యార్థికీ బిజీ శబ్దమే వినిపిస్తుంది. అమీర్‌పేటలో అటువంటి విద్యార్థి మళ్ళీ ప్రయత్నించడు, అదే భవనంలో పై అంతస్తుకు ఫోను చేస్తాడు.

ఎర్ర మాడ్యూలు విద్యుత్ లక్షణాలు కూడా దేశాన్ని బట్టి మారతాయి. డ్రైవరులోని దేశాల పట్టికలో భారతదేశం ఉన్నది. ఆపర్‌మోడ్ అనే విలువగా దానిని పేర్కొనాలి. ఇది తప్పితే ధ్వని మందగిస్తుంది, ప్రతిధ్వని పెరుగుతుంది. ప్రతిధ్వనికి మూలం రెండు తీగల లైను నాలుగు తీగల మార్గంగా మారే చోట ఉంటుంది. దీనిని తొలగించుటకు డాడీలో ఎంజీ2 అనే సాఫ్ట్‌వేరు పద్ధతి ఉన్నది. ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ రోవ్ విడుదల చేసిన ఓస్లెక్ చౌక కార్డులపై దానికంటే మెరుగైన ఫలితాలు ఇస్తుందని పేరు తెచ్చుకున్నది.

కాలర్ ఐడీ: భారతదేశపు చిక్కు

ఫోను చేసినవారి సంఖ్యను చూపే పద్ధతి ప్రపంచమంతటా ఒకటి కాదు. అమెరికాలో మొదటి గంటకు, రెండవ గంటకు మధ్య మోడెమ్ వంటి శబ్దంగా పంపుతారు. బ్రిటన్‌లో తీగల ధ్రువత మార్చి, గంటకు ముందే పంపుతారు. భారతదేశంలో ఎక్కువగా మీటలు నొక్కిన శబ్దాల రూపంలో, అనగా డీటీఎంఎఫ్‌గా పంపుతారు. అది ధ్రువత మార్పు తరువాత వస్తుందా, గంట తరువాత వస్తుందా అన్నది సంస్థను బట్టి మారుతుంది.

ఆస్టరిస్క్‌తో వచ్చిన పత్రాలలో ఇండియా-సీఐడీ అనే పేరుతో ఒక చిన్న పత్రం ఉండేది. ఏ సంస్థ లైనుకు ఏ అమరిక కుదురుతుందో అందులో వ్రాయబడినది, తెలియనిచోట ఖాళీగా వదలివేయబడినది. ధ్రువతతో మొదలయ్యే డీటీఎంఎఫ్ పద్ధతి కొరకు పోలారిటీ_ఇన్ అనే ప్రత్యేక విలువను కూడా చేర్చారు. చివరి రెండు అక్షరాలు భారతదేశానికి గుర్తు. ఒక దేశపు లైన్ల కొరకు ప్రత్యేకంగా ఒక మాటను చేర్చవలసి రావడం ఇక్కడి వైవిధ్యానికి నిదర్శనం. పంజగుట్టలోని ఒకే కార్యాలయానికి రెండు సంస్థల లైన్లు ఉంటే రెండు ఛానెళ్ళకు వేర్వేరు అమరికలు వ్రాయవలసి రావచ్చు. ఆస్టరిస్క్ సంఖ్య కొరకు వేచి ఉన్న కాలంలో లైను నిశ్శబ్దంగా ఉంటుంది కనుక తప్పు అమరిక వలన సంఖ్య రాకపోవడమే గాక సమాధానం ఇవ్వడం కూడా ఆలస్యమవుతుంది.

ఈ1 లైను, పీఆర్ఐ

పదికి మించి లైన్లు కావలసినవారు ఈ1 వైపు వెళతారు. అమెరికాలో వాడే టీ1 వేగం క్షణానికి 1.544 మెగాబిట్లు, 24 కాలభాగాలు. భారతదేశం, ఐరోపాలలో వాడే ఈ1 వేగం 2.048 మెగాబిట్లు, 32 కాలభాగాలు. సున్నావ భాగం వరుస క్రమానికి, 16వ భాగం సిగ్నలింగ్‌కు పోగా 30 సంభాషణలు మిగులుతాయి. ధ్వనిని సంకేతించే పద్ధతి కూడా అక్కడ మ్యూ-లా, ఇక్కడ ఏ-లా. చాలా కార్డులు రెండింటికీ పనిచేస్తాయి గానీ ఏది కావాలో కార్డుపైని జంపరు ద్వారా లేదా డ్రైవరుకు ఇచ్చే విలువ ద్వారా చెప్పాలి. అమెరికాలో తయారైన కార్డు పెట్టె తెరచి నేరుగా గాడిలో పెట్టేముందు జంపరును చూడడం మంచిది.

16వ భాగంలో ఏ భాష మాట్లాడతారన్నది తరువాతి ప్రశ్న. ఐఎస్‌డీఎన్ ప్రైమరీ రేటు లైనులో క్యూ.931 అనే సందేశ భాష వాడతారు. దీనినే వ్యవహారంలో పీఆర్ఐ అంటారు. ఆస్టరిస్క్‌లో ఈ పనిని లిబ్‌పీఆర్ఐ అనే గ్రంథాలయం చేస్తుంది. స్విచ్ రకాన్ని యూరో ఐఎస్‌డీఎన్ అని, తమ వైపును వినియోగదారు పక్షమని పేర్కొంటారు. 1 నుండి 15 వరకు, 17 నుండి 31 వరకు గల భాగాలు సంభాషణలకు, 16వది సందేశాలకు. తీగ సంకేతం హెచ్‌డీబీ3. సీఆర్‌సీ4 తనిఖీ ఉన్నదో లేదో సంస్థ ఇంజనీరును అడిగి తెలుసుకోవాలి, ఇరువైపులా ఒకటిగా లేకపోతే లైను లేవదు.

ఇక్కడ రెండు సూక్ష్మాలు. కాలాన్ని ఎవరు నిర్ణయిస్తారన్నది మొదటిది. ఎక్స్ఛేంజి గడియారాన్నే కార్డు అనుసరించాలి. కార్డు తన గడియారాన్ని వాడితే రెండూ నెమ్మదిగా దూరమై అప్పుడప్పుడు ఒక వరుస జారిపోతుంది. మాటలలో ఇది చెవికి తెలియకపోవచ్చు, ఫ్యాక్సు మాత్రం విఫలమవుతుంది. రెండవది కేబులు. కార్డు వైపు 120 ఓముల జంట తీగ ఆర్‌జే45 ద్వారా వస్తుంది, 1, 2 మరియు 4, 5 పిన్నులు మాత్రమే వాడతారు. సంస్థ వారి పెట్టె 75 ఓముల కోయాక్సియల్ కేబులు ఇస్తే మధ్యలో బాలన్ అనే చిన్న పరికరం కావాలి. కార్డుపై ఎర్ర దీపం వెలిగితే సంకేతమే అందడం లేదని, పసుపు అలారం వస్తే అవతలివారికి మన సంకేతం అందడం లేదని అర్థం. పసుపు వచ్చినప్పుడు ముందుగా పంపే జతను చూడాలి.

పీఆర్ఐలో పెట్టివేయడం, ఎత్తడం, చేసినవారి సంఖ్య అన్నీ సందేశాలుగా స్పష్టంగా వస్తాయి. పైన చెప్పిన అనలాగ్ కష్టాలు చాలావరకు ఉండవు. నెలసరి అద్దె భరించగలిగితే నాలుగైదు అనలాగ్ లైన్లతో కుస్తీ పట్టడం కంటే ఇది మేలు.

ఆర్2, ఎస్ఎస్7

పీఆర్ఐకి ముందు ఎక్స్ఛేంజిల మధ్య, పెద్ద పీబీఎక్స్‌లతో ఆర్2 అనే పద్ధతి వాడుకలో ఉండేది. అంకెలను జంట స్వరాలుగా పంపుతూ ప్రతి స్వరానికి ఎదుటివారి అంగీకారం కొరకు ఆగడం దీని లక్షణం. ప్రతి దేశం దీనిని కొంత మార్చుకున్నది. స్టీవ్ అండర్‌వుడ్ వ్రాసిన యూనీకాల్ ద్వారా ఇది మొదట ఆస్టరిస్క్‌కు వచ్చింది. తరువాత మోయిసెస్ సిల్వా ఓపెన్ఆర్2ను వ్రాయగా ఆస్టరిస్క్ 1.6.2 నుండి అది ప్రధాన సంచికలో చేరినది.

ఎస్ఎస్7 టెలిఫోను సంస్థలు తమలో తాము మాట్లాడుకొనే భాష. మాటలు ఒక దారిలో, సందేశాలు వేరొక దారిలో వెళతాయి. ప్రతి ఎక్స్ఛేంజికి ఒక పాయింట్ కోడ్, ప్రతి సంభాషణ మార్గానికి ఒక సర్క్యూట్ సంఖ్య ఉంటాయి. డిజియంకు చెందిన మాథ్యూ ఫ్రెడ్రిక్సన్ వ్రాసిన లిబ్ఎస్ఎస్7 ఆస్టరిస్క్ 1.6 శ్రేణిలో చేరినది. డెన్మార్కుకు చెందిన సిఫిరా సంస్థ విడుదల చేసిన ఛాన్_ఎస్ఎస్7 దానికి ముందే వాడుకలో ఉన్నది. సాధారణ కార్యాలయానికి ఎస్ఎస్7 లైను ఇవ్వరు. మొబైలు సంస్థల ఆవరణలో పాటలు, క్రికెట్ స్కోర్లు వినిపించే యంత్రాలు నడిపినవారికే దీని అవసరం కలిగేది.

చట్టపరమైన అంశం

కార్డు కుదిరినంత మాత్రాన రెండు లైన్లను కలపవచ్చునని కాదు. భారతదేశంలో ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1 నుండి పరిమితంగా అనుమతి లభించినది. అయితే ఇంటర్నెట్ ద్వారా వచ్చిన మాటను దేశంలోని సాధారణ టెలిఫోను లైనులోకి మళ్ళించుట అప్పట్లో నిషిద్ధంగా ఉండేది. ఆస్టరిస్క్‌లో ఈ పని ఒక్క పంక్తితో సాధ్యమవుతుంది, ప్రమాదం కూడా అక్కడే ఉన్నది. కాల్ సెంటర్లు టెలికాం శాఖ వద్ద ఓఎస్‌పీగా నమోదు చేసుకొని, రెండు మార్గాలను వేరుగా ఉంచవలసి ఉండేది. పంజగుట్టలో అమెరికా ఖాతాదారులకు, స్థానిక ఖాతాదారులకు కూడా సేవలందించే సంస్థ రెండు యంత్రాలు పెట్టుకోవడమే సురక్షితమైన మార్గంగా ఉండేది. 2020 నవంబరులోను, 2021 జూన్‌లోను ఓఎస్‌పీ నిబంధనలు బాగా సడలించబడినవి. నమోదు అవసరం తొలగినది, దేశీయ, విదేశీ కేంద్రాల మధ్య తేడా కూడా రద్దయినది. లైసెన్సు లేకుండా విదేశీ కాల్స్‌ను దొడ్డిదారిన స్థానిక లైన్లలోకి మళ్ళించడం మాత్రం నేరమే.

తరువాతి పరిణామాలు

2010ల నుండి టెలిఫోను సంస్థలు ఎస్ఐపీ ట్రంకులను నేరుగా ఇవ్వడంతో కార్డుల అవసరం తగ్గింది. ఈ1 లైను ఉన్నచోట కూడా కార్డుకు బదులు విడి గేట్‌వే పెట్టెను పెట్టి, దాని నుండి నెట్‌వర్కు ద్వారా సర్వరుకు కలుపుతున్నారు. సర్వరు మారినా గాడి గురించి ఆలోచించనవసరం లేదు. 2007లో హైదరాబాదులో మొదలైన ఓజోన్‌టెల్ సంస్థ కూకూ పేరుతో క్లౌడ్ టెలిఫోనీ సేవను అందించింది. ఇటువంటి సేవలలో లైన్లు, పరికరాలు అన్నీ సేవాసంస్థ వద్దనే ఉంటాయి, వాడుకదారు కార్డును చూడనే చూడడు. డాడీ 3వ శ్రేణిలో ఎక్స్100పీ, టీడీఎం400పీ వంటి పాత కార్డుల డ్రైవర్లు తొలగించబడినవి. పాత కార్డును ఇప్పటికీ నేర్చుకొనుటకు వాడదలచినవారు డాడీ 2వ శ్రేణిని, దానికి తగిన పాత లైనక్స్ కెర్నెలును ఎంచుకోవలసి ఉంటుంది.